దిబ్బ మీద గోనెపట్ట

వాన పడిన ప్రతి ఆదివారం మా గుడిలో ఎవరో ఒకరు నన్ను తలుచుకుంటారు. మంచిగా కాదు. పైనుంచి చుక్క మెడ మీద పడగానే ఒకావిడ పక్కకి జరిగి కూర్చుంటూ, "అంతా ఈవిడ పుణ్యమే," అని పక్కావిడ చెవిలో అంటుంది. నాకు వినపడేలాగే అంటుంది. నేను లేచి, చుక్క పడేచోట బేసిను పెట్టి, వచ్చి నా చాప మీద కూర్చుంటాను. గుడికి శ్లాబు పడే అవకాశం వస్తే దాన్ని చెడగొట్టింది నేనే. చెడగొట్టానని ఒప్పుకుంటాను గాని తప్పు చేశానని ఒప్పుకోను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, ఆ తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుడి అంటే చర్చే. మా పేటలో అందరం గుడి అనే అంటాం. రామచంద్రపురం నుంచి కాలవగట్టు పట్టుకుని వస్తే ఊరు, ఊరు దాటితే మా పేట. తొంభైల మొదట్లో నేను గోదావరి అవతల, పాలకొల్లు వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా ఆయన రైసుమిల్లులో పని చేసేవారు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మావయ్యగారు సంఘపెద్ద. కుర్రతనంలో ఆ గుడి కడుతున్నప్పుడు పెంకులు నెత్తిన మోసిన మనిషి. పాస్టరుగారికి చూసుకోవలసిన ఊళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి, గంట కొట్టడం దగ్గర్నుంచి తగువులు తీర్చడం దాకా మా సంఘంలో అన్నీ మావయ్యగారే చూసేవారు.

ఇక అత్తయ్యగారు. నాకు బైబిలు బాగా వచ్చనుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టాను. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి గెలుచుకున్న స్టీలు గ్లాసులు నా సారెలో ఉన్నాయి మరి. రాదని ఆవిడ మొదటి వారంలోనే తేల్చేశారు.

ఆవిడ పద్ధతి వేరు. సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు ఒక భాగం చదవాలి. చదివాక వెంటనే పుస్తకం మూయడానికి వీల్లేదు. "ఇప్పుడు దీంతో మనకేం పని?" అని అడిగేవారు. ఏదో ఒక పని తేలితేనే పుస్తకం మూసేది. "విశ్వాసంలో బలపడాలండి," అని నేను సండే స్కూల్లో చెప్పినట్టు చెబితే ఒప్పుకునేవారు కాదు.

"అది పని కాదమ్మా. చేత్తో చేసేది చెప్పు," అనేవారు.

కోసిన చేలో పేదవాళ్ళకని వదిలేసిన పరిగె రూతు ఏరుకున్న భాగం చదివిన రోజున మా పెరట్లో మునగచెట్టు పై కొమ్మల కాయలు కోయడం మానేశాం. చెయ్యి అందినంతవరకే మనవి, పైవి ఎవరు గెడకర్రతో లాక్కుంటే వాళ్ళవి. లేత కాయలన్నీ పైనే కాస్తాయని మావయ్యగారు గొణిగారు. గొణగడానికి అడ్డు చెప్పలేదు, కాయలు మాత్రం కోయనివ్వలేదు. పొద్దు కుంకేదాకా కోపం ఉంచుకోకూడదన్న మాట చదివిన సాయంత్రం ఆవిడ పక్కింటికి వంకాయ కూర గిన్నెతో వెళ్ళారు. కోడి విషయంలో ఆ ఇంటావిడతో పొద్దున్నే పెద్ద గొడవ అయింది. "పొద్దు కుంకేత్తంది, ఈ కూర తీసుకో. మిగతా పోట్లాట రేపు పెట్టుకుందాం," అన్నారు. ఆవిడ నవ్వేసింది. ఆ పోట్లాట మళ్ళీ జరగలేదు.

ప్రభువు ఇంటికొస్తే మరియ ఆయన మాటలు వింటూ కూర్చుని, మార్త ఒక్కతే పనిలో పడ్డ భాగం వచ్చినప్పుడు మాత్రం అత్తయ్యగారికి నిజంగానే కోపం వచ్చింది. ఎవరు వచ్చి ప్రసంగించినా మార్తని నాలుగు తిట్టి వెళ్ళేవారే. "మార్తని తిట్టాక ఆ పూట అన్నం ఎవరు వండారో ఒక్కళ్ళూ చెప్పరేంటమ్మా?" అన్నారు. ఇంట్లో వాళ్ళంతా తలో చెయ్యి వేస్తే మార్త కూడా వచ్చి కూర్చునేది కదా అని ఆవిడ లెక్క. ఆ రోజు నుంచి వాక్యం చదివేటప్పుడు మా ఆయన ఉల్లిపాయలు తరగాలి, మావయ్యగారు వెల్లుల్లి వొలవాలి. సంఘపెద్ద హోదాకి ఏమాత్రం లోటు రాకుండా ఆయన వెల్లుల్లి వొలిచేవారు.

ఒక సాయంత్రం అబ్రాహాము భార్య శారా చనిపోయిన భాగం వచ్చింది. అబ్రాహాముకి దేశమంతా ఇస్తానని దేవుడు మాటిచ్చాడు, కానీ ఆయన మొట్టమొదట సొంతం చేసుకున్నది భార్యని పాతిపెట్టడానికి ఒక గుహ. ఊరికే తీసుకోమని అక్కడివాళ్ళు మర్యాద చేస్తారు. ఆయన తీసుకోడు. వెల కట్టించుకుని కొంటాడు.

"ఎందుకు కొన్నాడంటావు?" అన్నారు అత్తయ్యగారు.

నేను ఆలోచిస్తున్నాను.

"ఊరికే ఇచ్చినోడు ఎప్పుడో ఊరికే అడుగుతాడమ్మా. పోయినోళ్ళని ఒకళ్ళ దయ మీద పడుకోబెట్టకూడదు," అన్నారు.

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆ రోజు ఆవిడకి చెప్పాను. మా నాన్న పోయింది మంచి వానాకాలంలో. మా ఊరు పల్లం. అక్కడ వానాకాలంలో మోకాలి లోతు తవ్వితే నీళ్ళు ఊరతాయి. మావాళ్ళు ఒకపక్క బకెట్లతో తోడుతూనే ఉన్నారు, ఇంకోపక్క ఊట నిండుతూనే ఉంది. పెట్టె దింపితే మునగలేదు. తేలింది. వెదురుబొంగులు పెట్టి నలుగురు మనుషులు మా నాన్నని లోపలికి నొక్కారు, పైన మట్టి పడేదాకా అలా నొక్కిపట్టి ఉంచారు. నన్ను అవతలికి తీసుకుపోదామని మా పిన్ని చూసింది గాని నేను కదల్లేదు, మొత్తం చూశాను.

ఎసరు మరిగి మూత కొట్టుకుంటున్నా అత్తయ్యగారు లేవలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అన్నారు. "మా దిబ్బలో నీళ్ళు రావమ్మా. మనిద్దరం అక్కడ పొడిగా పడుకుందాం."

దిబ్బ అంటే మా సమాధుల చోటు. మా పేట ఏర్పడిన కొత్తలో అది కూడా చుట్టూ ఉన్న చేల మట్టానికే ఉండేదట. పట్టా లేదు, పోరంబోకు. ముందు తరంవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పేటలో ఎవరు పోయినా, సాగనంపడానికి వచ్చే ప్రతి మనిషీ కాలవగట్టు నుంచి తట్టెడు మట్టి తెచ్చి అక్కడ పోయాలి. పూలదండ తేకపోయినా ఎవరూ ఏమీ అనరు. మట్టి తేకపోతే అడుగుతారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా కొంగులో గుప్పెడు మట్టి తెస్తారు. అలా ఒక్కో చావుకి కాస్త కాస్త లేచి, నేను కాపురానికి వచ్చేనాటికి ఆ దిబ్బ చేలగట్ల కన్నా మనిషి ఎత్తు పైన ఉంది. ఎంత వాన పడినా గొయ్యి పొడిగా ఉండేది. అబ్రాహాము వెండి ఇచ్చి కొన్నాడు, మావాళ్ళు మట్టి మోసి కొన్నారు.

ఆవిడకి పని దొరకని భాగం ఒక్కటే నాకు గుర్తుంది. రిస్పా కథ. రాజు ఆజ్ఞతో చంపిన తన కొడుకుల శవాల్ని కొండ మీద వదిలేస్తే, ఆ తల్లి బండ మీద గోనెపట్ట పరుచుకుని కూర్చుంటుంది. కోతల మొదట్లో కూర్చున్న మనిషి, వాన పడేదాకా లేవదు. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని వాళ్ళ మీదికి రానివ్వదు. చివరికి రాజుకి కబురు వెళ్ళి, ఆయనే కదిలి ఎముకలు పాతిపెట్టిస్తాడు. ఆవిడ ఒక్క మాట మాట్లాడినట్టు కూడా అక్కడ రాసి లేదు.

"ఇప్పుడు దీంతో మనకేం పని?" అని ఈసారి నేనే అడిగాను.

"ఏమో, నాకు తోచట్లేదు. అలా తెరిచే ఉంచు. పని పడినప్పుడు చేద్దాం," అన్నారు. ఎదురుగా వెల్లుల్లి వొలుస్తున్న మావయ్యగారు కూడా విన్నారు. ఆ రాత్రి నుంచి ఆవిడ బైబిలు గూట్లో ఆ పేజీ దగ్గర తెరిచే ఉంది, రోజూ చదవడానికి నా బైబిలు తీసేవాళ్ళం.

అత్తయ్యగారు శ్రావణ మాసపు ముసురులో పోయారు. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. వాన కురుస్తూనే ఉంది, గొయ్యి మాత్రం పొడిగా ఉంది. నేను మోసిన తట్ట నేనే పోశాను. ఆవిడ నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నట్టు అనిపించింది. ఏడుపులోనే మనసుకి కొంచెం నెమ్మదిగా కూడా ఉంది.

ఆ తర్వాత వచ్చిన తుఫానుకి గుడి పెంకులు లేచిపోయాయి. పాత రేకులు వేసి, సందుల్లో బరకాలు కట్టుకున్నాం. వాన పడితే సగం గుడి తడిసేది. అదే రోజుల్లో మా చుట్టూ వరిచేలు చేపల చెరువులుగా మారడం మొదలైంది. ఊళ్ళో ఇంకా వరిచేలున్న ఒకాయన దిబ్బ పక్క చేలు కొన్నారు, ఆయనకి చెరువు గట్లు కట్టడానికి మట్టి కావాలి. పల్లపు నేలలో మట్టి ఎక్కడ దొరుకుతుంది? చూపు తిన్నగా దిబ్బ మీద పడింది.

మావయ్యగారు భోజనం దగ్గర చెప్పారు. "అమ్మాయ్, దేవుడు దారి చూపించాడు. చెరువులాయన గుడికి శ్లాబు వేయిత్తానన్నాడు."

"ఊరికేనాండి?"

"దిబ్బ మట్టి కావాలంట. బదులు మురుగుకాలవ పక్కన పల్లంలో అంతే చోటు ఇత్తాడు. పెద్దలం ఒప్పుకున్నాం."

గరిటె గిన్నెలో పెట్టేశాను. "అత్తయ్యగారు అక్కడున్నారండి."

"ఆవిడ ప్రభువు దగ్గరుంది. ఇక్కడున్నది మట్టి."

"ఉత్త మట్టే అయితే ఆయనకి అంత ఆశెందుకండి?"

మా ఆయన గోడ మీద పిల్లి. తలెత్తకుండా, "కాస్త చారు పొయ్యి," అన్నారు.

మావయ్యగారు మెత్తగానే చెప్పారు. చనిపోయినవాళ్ళ సంగతి చనిపోయినవాళ్ళకే వదిలెయ్యమని ప్రభువే అన్నాడు కదా అన్నారు. ఆ ప్రభువునే కొత్త సమాధిలో, పొడి రాతిలో పెట్టారండి, మురుగుకాలవ పక్కన పెట్టలేదు అన్నాను. ఆయన కంచం పక్కకి జరిపారు.

"బతికున్నోళ్ళు తడిసిపోతన్నారమ్మాయ్. సంస్కారపు బల్ల మీద రొట్టె తడిసిపోతంది. నేను పోయేలోపు ఆ గుడి మీద కప్పు చూడాలి."

అది నిజమే. ఆయన బాధ నాకు తెలుసు. వాన వచ్చినప్పుడల్లా రొట్టె, ద్రాక్షరసం తడవకుండా బల్ల మీద తన కండువా కప్పి నిలబడే మనిషి ఆయన. కానీ ఒకళ్ళ బాధ నిజమైనంత మాత్రాన వాళ్ళు చేసే బేరం సరైనది అయిపోదు. పల్లంలో తేలిన పెట్టె నేను చూశాను, ఆయన చూడలేదు. అది కూడా చెప్పాను. విన్నారు. విని, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని చెయ్యి కడుక్కున్నారు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఆడవాళ్ళు ప్రసంగాలు చేయరాదని మా పెద్దల పట్టు గాని, సాక్ష్యం చెబుతుంటే మాత్రం ఎంత పెద్దవాళ్ళయినా అడ్డు రాకూడదు. అది మావయ్యగారు పెట్టిన కట్టుబాటే. జ్వరం తగ్గిందని ఒకరు, గేదె ఈనిందని ఒకరు చెబుతారు. చివర్లో "అందరూ ఆమేన్ అనండి" అనగానే గుడంతా ఒక్కసారి ఆమేన్ అంటుంది. చెప్పింది ఏంటో సగంమంది వినరు. పిల్లల్ని సముదాయించుకుంటూ, విసురుకుంటూ, కునికిపాట్లు పడుతూ కూడా ఆమేన్ మాత్రం తప్పించరు. అందరికన్నా పెద్ద గొంతు మావయ్యగారిది.

నేను ముసుగు సర్దుకుని లేచాను. అత్తయ్యగారి గొయ్యి పొడిగా ఉన్నందుకు దేవుడికి స్తోత్రం అన్నాను. ముందు తరాలవాళ్ళు తట్టలతో మోసిన మట్టికి స్తోత్రం అన్నాను. తర్వాత అదే గొంతుతో, "మన దిబ్బలో ఒక్క పార మట్టి కూడా ఎవరికీ ఇచ్చేది లేదని ఈ సంఘమంతా దేవుడి ఎదుట చెబుతోంది. అందరూ ఆమేన్ అనండి," అన్నాను.

ఆమేన్ అంది గుడంతా. మావయ్యగారి గొంతు పైకప్పు రేకుల్ని తాకింది.

నేను కూర్చున్నాక గాని ఆయనకి తను దేనికి ఆమేన్ అన్నారో తెలిసిరాలేదు. తెలిశాక ఆయన మొహం చూడాలి. ఆరాధన అవగానే బయట పెద్దలంతా నన్ను చుట్టుముట్టారు.

"అదేదో అలవాటు మీద అన్నాం. అది లెక్కలోకి రాదు," అన్నారు మావయ్యగారు.

"అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు చెప్పిన మాట సండే స్కూలు పిల్లలకి మీరే నన్ను నేర్పమన్నారండి. పోయిన నెలంతా అదే నేర్పాను. దేవుడి ముందు అలవాటు మీద మాట్లాడొచ్చని రేపట్నుంచి నేర్పమంటారాండి?"

ఒక పెద్దమనిషి నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు నీతి చెప్పాడు. నా నోరు మంచిదే. ఆ రోజు దానికి పని పడింది.

మగవాళ్ళు దాన్ని దులిపేసుకున్నారు గాని ఆడవాళ్ళు దులుపుకోలేకపోయారు. సాయంత్రం జాకెట్లు ఇవ్వడానికని వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఆమేన్ అనేశాం కదమ్మా. పెదవి దాటితే పృథివి దాటుద్దంటారు. ఇప్పుడు మట్టి పోతే ఆ మాట ఎవరి మీదకొత్తది?" అని ఒక ముసలామె అడిగింది. భయపడొద్దని నేను చెప్పలేదు. అన్నమాట మీద నిలబడితే భయమెందుకు అన్నాను.

దాళ్వా, అదే రెండో పంట, కోతలు మొదలైన రోజుల్లో కాలవగట్టు మీద మట్టి తవ్వే పొక్లెయిన్ వచ్చి ఆగింది. ఆ చప్పుడు వినగానే నాకు గూట్లో తెరిచి ఉంచిన పుస్తకం గుర్తొచ్చింది. కోతల మొదట్లో, గోనెపట్ట. పని పడింది అత్తయ్యగారండీ అనుకున్నాను. మా ఆయన మిల్లు నుంచి తెచ్చిన గోనె ఒకటి దులిపి, కాజాలు కుట్టాల్సిన జాకెట్లు సంచీలో వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని దిబ్బ ఎక్కాను. అత్తయ్యగారి సమాధి పక్కన గోనె పరుచుకుని సూదిలో దారం ఎక్కించాను.

పొక్లెయిన్ డ్రైవరు ఎక్కడి మనిషో పాపం. "లేవండమ్మా, నా కిరాయి పోద్ది," అన్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు నాయనా. టీ తాగుతావా?" అన్నాను. తాగి, వెళ్ళి తాడిచెట్టు నీడలో పడుకున్నాడు.

మావయ్యగారు వచ్చారు. ఎండలో నడిచొచ్చి రొప్పుతున్నారు. "శ్మశానంలో కుట్టుపనేంటి? ఇంటి పరువు తీత్తన్నావు. లే."

"రిస్పా భాగం గుర్తుందాండి? ఆ రోజు మీరు వెల్లుల్లి వొలుస్తున్నారు. దీనికి పని దొరకలేదని అత్తయ్యగారు పుస్తకం తెరిచే ఉంచమన్నారు. ఇవాళ దొరికిందండి. చేసేసి మూసేద్దాం."

ఆయన నన్ను చూశారు, సమాధిని చూశారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు గర్వంగా ఏమీ అనిపించలేదు. కాజా వంకర పోయింది, విప్పి మళ్ళీ కుట్టుకున్నాను.

ఎండ ముదిరేలోపు ఆడవాళ్ళు రావడం మొదలైంది. కొడవళ్ళు పట్టుకుని కోతకి బయలుదేరినవాళ్ళు దారి మళ్ళి దిబ్బెక్కారు. ముందు ఆ ముసలామె. "ఆమేన్ అన్నాం కదా, తప్పుద్దా," అంటూ నా గోనె మీద సగం చోటు ఆక్రమించింది. మిగిలినవాళ్ళు ఎవరి మనుషుల సమాధుల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. ఒకావిడ బిడ్డ సమాధి మీద గడ్డి పీకుతూ కూర్చుంది. మర్నాడు కూడా వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు.

చెరువులాయన మోటారుసైకిలు మీద వచ్చారు. మర్యాదస్తుడే. బండి కిందే ఆపి, చెప్పులు విడిచి పైకొచ్చారు.

"మీ పెద్దలే ఒప్పుకున్నారు కదమ్మా."

"ఆయ్, ఒప్పుకున్నారండి. ఇచ్చేది లేదని దేవుడి ముందు ఆమేన్ కూడా అన్నారండి."

"గుడికి శ్లాబు వద్దా మరి?"

"కావాలండి బాబుగారండి. చాలా కావాలి. మావాళ్ళని అమ్ముకుని మాత్రం వద్దండి."

ఆయన చుట్టూ కూర్చున్న కొడవళ్ళకేసి చూశారు. "మీరంతా ఇక్కడుంటే నా చేలో కోత ఎవరు కోత్తారు?"

ముసలామె తూర్పుకేసి చెయ్యి చూపించింది. "మబ్బు కూడా పట్టిందండి బాబుగారండి."

ఆయన నిజంగానే మబ్బుకేసి చూసి, దిగి వెళ్ళారు. మధ్యాహ్నానికి వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, పండిన చేను ఉన్నవాడి గుండె గుభేలుమనడానికి సరిపోయే వాన. ఆ వానలోనే పొక్లెయిన్ గట్టు దిగి వెళ్ళిపోయింది. రిస్పా కూడా వాన పడేదాకానే కూర్చుందని నాకు తడుస్తూ ఉండగా గుర్తొచ్చింది. కాసేపటికి చెరువులాయన మనిషి గొడుగు వేసుకుని వచ్చి, మట్టి ఇంకోచోట చూసుకుంటామని, రేపు అందరూ కోతకి రావాలని చెప్పి వెళ్ళాడు. తెల్లారి అందరూ వెళ్ళి ఆయన చేను కోసి కుప్పేశారు. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళి గూట్లో పుస్తకం మూశాను.

శ్లాబు మాట అంతటితో పోయింది. మావయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. పెడితే తినేవారు, అడిగితే తల ఊపేవారు. సాయంత్రం వాక్యం చదివేటప్పుడు మాత్రం వచ్చి పీట మీద కూర్చుని వెల్లుల్లి వొలిచేవారు. ఏటా ఈస్టరు ముందు అత్తయ్యగారి సమాధికి సున్నం ఆయనే వేసేవారు, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. వాన వస్తే గుడిలో బల్ల మీద కండువా కప్పి నిలబడేవారు. అది చూసినప్పుడల్లా నాకు జాలేసేది. అయినా మళ్ళీ అదే బేరం వస్తే మళ్ళీ అదే గోనె పరిచేదాన్ని. జాలి వేరు, లొంగడం వేరు. ఈ మాట నాకు ఎవరూ ప్రసంగంలో చెప్పలేదు, ఆ ఇంట్లో ఉండి నేర్చుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలంలో ఆయన మంచం పట్టారు. బయట ముసురు. జావ తాగిస్తుంటే నా చెయ్యి ఆపి, అన్నేళ్ళ తర్వాత తనంతట తాను నోరు తెరిచారు.

"ఆవిడ పక్కన చోటుందా?"

"ఉందండి. ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను."

"నీళ్ళు రావు కదా?"

"రావండి మావయ్యగారండీ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఈ మాట కోసం ఇన్నేళ్ళు మౌనంగా ఉండాలా అని అడగాలనిపించింది. అడగలేదు. జావ చల్లారిపోతోంది, తాగించాను.

ఆయన పోయిన రోజున చేలన్నీ నీళ్ళే. మురుగుకాలవ పొంగి, ఆనాడు మాకిస్తానన్న పల్లం చెరువైపోయి ఉంది. మనుషులు వరసగా కాలవగట్టు నుంచి దిబ్బ మీదికి తట్టలు మోస్తున్నారు. నేను గొయ్యి అంచున కూర్చుని, వంగి లోపలి గోడకి చెయ్యి ఆనించాను. పొడి మట్టి వేళ్ళకి అంటి రాలింది. పెట్టె దింపారు. ఎవరూ బొంగులు తేనక్కర్లేకపోయింది. నా తట్ట నేను పోశాను.

తర్వాతి ఆదివారం కూడా వానే. బేసిన్లలో చుక్కలు పడుతున్న చప్పుడు మధ్య సాక్ష్యాల సమయం వచ్చింది. ముసుగు సర్దుకుని లేచాను. చాలా చెప్పాలనుకున్నాను గాని రెండు మాటలతోనే సరిపెట్టాను.

"మా మావయ్యగారు పొడి నేలలో పడుకున్నారు. దేవుడికి స్తోత్రం. అందరూ ఆమేన్ అనండి," అన్నాను.

వెంటనే ఎవరూ అనలేదు. దిబ్బ గొడవ జరిగిన ఏటి నుంచీ మా సంఘంలో చెప్పింది పూర్తిగా విని, ఆలోచించుకుని గాని ఆమేన్ అనరు. నేను నిలబడే ఉన్నాను. వాళ్ళు ఆలోచించుకున్నారు. తర్వాత అన్నారు.